ఐర్లండ్ ఇండిపెండెంట్లకి నేను పెట్టిన క్యాంపు

ఆ రోజుల్లో హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపించేది. సెప్టెంబరుకి ఒక విడత, జనవరికి ఒక విడత మనవాళ్ళు దిగుతూనే ఉండేవారు. కాలేజీల్లో కుర్చీలు చాలేవి కావు, బేస్‌మెంట్లలో పరుపులు చాలేవి కావు. అందరికీ అన్నీ కొత్తే. మంచు కొత్త, వంట కొత్త, ఇంటి ఓనర్‌తో మర్యాదగా పోట్లాడటం కొత్త. నాకు మాత్రం ఒక్క విషయంలో కొత్తేమీ లేదనిపించేది. అది రాజకీయం. తెనాలిలో మా బాబాయి ఇంట్లో పెరిగినదాన్ని మరి. ఆ ఇంట్లో టీవీలో చర్చ మొదలైతే గానీ అన్నంలోకి పప్పు వచ్చేది కాదు. (పిన్నికి చర్చలంటే ఇష్టమని కాదు, ఆ టైములో తప్ప బాబాయి ఇంట్లో దొరికేవాడు కాదు.) మెజారిటీకి ఎంతమంది కావాలి, ఎవరు ఎటు దూకుతారు, ఎవరు అలిగి ఫోన్ స్విచాఫ్ చేశారు, ఇవన్నీ ఎక్కాల కంటే ముందే నేర్చుకున్నాను. భూమ్మీద ఎక్కడైనా ప్రభుత్వం ఇలాగే ఏర్పడుతుందని నా ఉద్దేశం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది ఎలాగో ఇదీ అలాగే.

మా కోర్సులో నాలుగు నెలల కో-ఆప్ ఉండేది. ఏదైనా కంపెనీలో పనిచేసి చివర్లో సూపర్‌వైజర్ చేత పాస్ అని సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకం లేకపోతే డిప్లొమా లేదు, డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్ లేదు, వర్క్ పర్మిట్ లేకపోతే తెనాలి. కనిపించిన చోటల్లా అప్లై చేయగా చేయగా చివరికి హార్బర్ దగ్గర ఒక పాత బిల్డింగ్ మూడో అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసు నన్ను తీసుకుంది. వేరే దేశాల వెబ్‌సైట్లలో జనం రాసే కామెంట్లు చదివి, బూతులున్నవి తీసెయ్యడం వాళ్ళ వ్యాపారం. బూతులు చదివినందుకు డిప్లొమా ఇస్తారంటే మా అమ్మ నమ్మలేదు. సూపర్‌వైజర్ పెద్దావిడ. పేరు పెట్టి పిలవమని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాక మేడమ్ అనే పిలిచేదాన్ని. మీటింగుల్లో కూడా ఒళ్ళో ఊలు పెట్టుకుని ఏదో ఒకటి అల్లుతూ ఉండేది కాబట్టి ఇంట్లో నేనూ నా రూమ్మేటూ ఆవిడకి పెట్టుకున్న పేరు ఊలు మేడమ్.

ఆవిడ నాకు ఐర్లండ్ అప్పజెప్పింది, అంటే అక్కడి ఒక వార్తల వెబ్‌సైటు. అక్కడ అప్పుడే ఎన్నికలు అయిపోయి ఎవరికీ మెజారిటీ రాలేదు. తాతల కాలం నుంచి ఒకరి నీడ ఒకరికి గిట్టని రెండు పెద్ద పార్టీలు, వాటిని తోసుకుంటూ పైకొస్తున్న మూడోది, కొన్ని పిల్ల పార్టీలు, వీటన్నిటి మధ్యా కొందరు ఇండిపెండెంట్లు. ఎవరు ఎవరితో కలవాలన్న చర్చలు వారాల తరబడి నడుస్తుంటే ఆ వెబ్‌సైట్లో అన్ని పార్టీల అభిమానులూ పొద్దస్తమానం తగవులాడుకుంటూ ఉండేవారు. నేను బూతులు తీసెయ్యాలి, వేడి మరీ పెరిగితే మోడరేటర్ పేరుతో ఒక చిన్న నోటీసు పెట్టి చల్లార్చాలి, సొంత అభిప్రాయం మాత్రం ఎప్పుడూ రాయకూడదు. మోడరేటర్ అన్న మాట పక్కన ఒక ఆకుపచ్చ టిక్కు ఉండేది. అది చూసుకుంటే నాకు కలెక్టర్ ఉద్యోగం వచ్చినట్టుండేది.

అయితే ఆ అభిమానులు మనవాళ్ళలాంటి వాళ్ళు కారు. తిట్టుకున్న నోటితోనే మీ అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఎలా అయిందని అడుగుతారు. వాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకాయన ఫొటో బదులు గొడుగు బొమ్మ పెట్టుకున్నాడు, ఇంకొకాయన ఎర్ర స్కార్ఫ్. ఒకరిది ఒక పెద్ద పార్టీ, రెండోవారిది రెండోది. మొదటి వారంలో గొడుగాయన స్కార్ఫాయన్ని గాడిదన్నాడని ఆ కామెంటు తీసేశాను. గంటలో స్కార్ఫాయన దగ్గర్నుంచే కంప్లయింటు వచ్చింది. దానికి తనిచ్చిన జవాబు చాలా బాగా కుదిరిందట, పైన గాడిద లేకపోతే కింద ఆ జవాబు ఎవరికీ అర్థం కాదట, దయచేసి గాడిదని తిరిగి పెట్టమన్నాడు. పెట్టాను.

బాబాయి ప్రతి ఉదయం నేను ఆఫీసుకి వెళ్ళే దారిలో ఫోన్ చేసేవాడు. అప్పటికి తెనాలిలో దీపాలు పెట్టే వేళ. ముప్ఫై ఏళ్ళు ఒకే పార్టీకి జెండాలు కట్టినా వార్డు మెంబరు కూడా కాలేదు గానీ, ఉత్సాహం ఏమాత్రం తగ్గలేదు. నేను తిన్నానా లేదా అడక్కముందే ఐర్లండ్ ఎంతవరకూ వచ్చిందని అడిగేవాడు. సీట్ల లెక్కంతా నా చేత చెప్పించుకుని, ఒకరోజు అసలు ప్రశ్నకి వచ్చాడు.

"ఇంతకీ ఇండిపెండెంట్లని ఎక్కడ పెట్టారే?"

"ఎక్కడా పెట్టలేదు బాబాయ్, ఎవరిళ్ళల్లో వాళ్ళున్నారు."

"ఇళ్ళల్లో ఉంటే గవర్నమెంటు ఎట్టా వస్తదమ్మా? నీకు తెలీకుండా ఎక్కడో పెట్టుంటారు, చూడు."

బాబాయి ఈ విషయంలో అనుభవజ్ఞుడు. ఒకప్పుడు మెజారిటీ అటూ ఇటూ ఊగినప్పుడు వాళ్ళ పార్టీ తన ఎమ్మెల్యేలని అవతలివాళ్ళు ఎగరేసుకుపోకుండా ఊరికి దూరంగా ఒక రిసార్టులో దాచితే, దాని గేటు దగ్గర తొమ్మిది రోజులు కాపలా కాశాడు. భోజనాల దగ్గర తలలు లెక్కపెట్టడం ఆయన డ్యూటీ. ఒకాయన బాత్రూములో కాస్త ఆలస్యం చేస్తే రాష్ట్ర నాయకత్వం మొత్తం ఆ తలుపు ముందు నిలబడిందట. ఈ కథ నేను అన్నప్రాశన నాటి నుంచి వింటున్నాను. కాబట్టి ఆయన అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం రెండు దాటింది. ఐర్లండ్‌లో అప్పుడే ఆఫీసులు వదిలారు, జనమంతా వెబ్‌సైట్లో పడ్డారు. ముగ్గురు ఇండిపెండెంట్లు రెండు రోజులుగా ఫోన్లు ఎత్తడం లేదని ఎవరో రాశారు. అమ్ముడుపోయారని ఒకరు, భయపడి దాక్కున్నారని ఇంకొకరు, గొడుగాయన స్కార్ఫాయన్నీ, స్కార్ఫాయన గొడుగాయన్నీ తిడుతూ, చూస్తుండగానే గాడిద స్థాయి దాటిపోయారు. పాపం, ఇంత చిన్న విషయం తెలియక కొట్టుకుంటున్నారని నాకు నిజంగా జాలేసింది. మోడరేటర్ డబ్బా తెరిచి ఇలా రాశాను: "దయచేసి అందరూ ఓపిక పట్టండి. ఇండిపెండెంట్ సభ్యులను ఈపాటికి రిసార్టుకి తరలించి ఉంటారు. ఫోన్లు నాయకుల దగ్గర భద్రంగా ఉంటాయి. ఇది మామూలు పద్ధతే. ఓటింగు రోజున బస్సులో తీసుకొస్తారు." ఒకసారి చదువుకుని, మర్యాదగా మాట్లాడుకోండి అని కూడా చేర్చాను. (మర్యాద విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.)

టీ తెచ్చుకుని వచ్చేసరికి నా నోటీసు కింద ఐర్లండ్ మొత్తం చేరినట్టుంది. ఏ రిసార్టు అని వందమంది అడుగుతున్నారు. మా ఊరి హోటల్ ముందు ఒక బస్సు ఆగి ఉందని ఒకాయన ఫొటో తీసి పెట్టాడు. దానిలోంచి దిగినవాళ్ళు మా చర్చి ముసలివాళ్ళేనని, అందులో తన అత్తగారు కూడా ఉందని వెంటనే ఇంకొకావిడ రాసింది. ఖర్చెవరిదని పిల్ల పార్టీవాళ్ళు పట్టుకున్నారు. ఆకుపచ్చ టిక్కు ఉంది కాబట్టి ఇది నిజమే అయ్యుంటుందని చాలామంది తేల్చేశారు. చివరికి ఒక ఇండిపెండెంట్ దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి, మా సార్ ఏ రిసార్టులోనూ లేరు, ఆవు ఈనడానికి కష్టపడుతుంటే రెండు రోజులుగా కొట్టంలోనే ఉన్నారు, ఫోన్ వంటింటి కిటికీలో ఉంది అని రాసింది. అది చదివి ఇంకా టీ కప్పు కిందైనా పెట్టలేదు, ఊలు మేడమ్ నన్ను లోపలికి పిలిచింది.

"ఈ సమాచారం నీకెక్కడిది?" అని అడిగింది.

"సమాచారం కాదు మేడమ్. అలాగే చేస్తారు కదా."

"ఎవరు?"

"అందరూ," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక గానీ, అందరూ అంటే మా జిల్లా అని నాకు తట్టలేదు.

ఆవిడ సూదులు పక్కన పెట్టింది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. ఇక దాచడానికేమీ లేక మొత్తం చెప్పాను, రిసార్టులు, బస్సులు, ఫోన్లు, తలల లెక్క. రోజంతా అక్కడ ఏం చేస్తారని అడిగింది. పేకాడతారు, ఈత కొడతారు, బిర్యానీ తింటారని చెప్పాను. ఎవరైనా ఇంటికి వెళ్ళాలనుకుంటే అని అడిగింది. వెళ్ళరు మేడమ్ అన్నాను. వెళ్ళాలనుకుంటే, అని మళ్ళీ అదే ప్రశ్న మెల్లిగా అడిగింది. ఆవిడ కోప్పడలేదు, దానికే నాకు ఇంకా భయం వేసింది. ఆ వెబ్‌సైటు పెద్దాయన సోమవారం వీడియోలో నాతో మాట్లాడతాడనీ, నన్ను తీసెయ్యమని ఆయన అంటే కో-ఆప్ అక్కడితో ఆగిపోతుందనీ, తను ఆపలేదనీ ఉన్నదున్నట్టు చెప్పి ఇంటికి పంపింది.

ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో నాకే తెలుసు. నా రూమ్మేట్ నిజామాబాదు అక్క, నాకంటే రెండేళ్ళు పెద్దది. విషయమంతా విని, "బూతులు తీసెయ్యమంటే బూతులు తీసెయ్యాలె, గంతే. ఆళ్ళ గవర్నమెంటు నువ్వు పెడుతున్నవా?" అని కసిరి, ఆ తర్వాత కంచంలో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది. నేను తినలేకపోయాను. తెనాలికి తిరిగి వెళ్ళాక వీధిలో అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో రకరకాలుగా సాధన చేసుకున్నాను. చదువు నచ్చలేదు, చలి పడలేదు, నడుం నొప్పి. ఐర్లండ్ ఎమ్మెల్యేల వల్ల అన్నది మాత్రం ఎలా చెప్పినా కుదరలేదు.

సోమవారం తెరమీద కనిపించిన పెద్దాయనది నవ్వడం తెలియని ముఖం. నువ్వెప్పుడైనా ఐర్లండ్ వచ్చావా అన్నాడు. లేదన్నాను. రాసింది తప్పు, ఇంకెప్పుడూ చెయ్యకు అన్నాడు. చెయ్యనన్నాను. తర్వాత కాసేపు కాగితాలు తిరగేసి, గురువారం సాయంత్రం తన సైటులో జరిగింది నాకు తెలుసా అని అడిగాడు. ఇంటికి పంపేటప్పుడే మేడమ్ అకౌంటు ముట్టుకోవద్దంది కాబట్టి నాకేం తెలియదు. దూడ పుట్టేదాకా ఎవరూ నిద్రపోలేదట. రెండు పార్టీలవాళ్ళూ కలిసి కూర్చుని ఏ నాయకుణ్ణి ఏ హోటల్‌కి పంపాలో ఓట్లు వేసుకున్నారట. ఇద్దరు పెద్ద నాయకుల్నీ ఒకే గదిలో పెట్టి, ఫోన్లు లాక్కుని, ప్రభుత్వం ఏర్పడేదాకా తలుపు తియ్యకూడదని గొడుగాయన తీర్మానం పెడితే స్కార్ఫాయన బలపరిచాడట. "నెల రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదొక్కసారే," అన్నాడు పెద్దాయన. ఒక్క బూతు కూడా తియ్యాల్సిన పని పడలేదట. అప్పుడు నవ్వాడు. సవరణ నువ్వే రాయాలి అని నాతో, ఈ పిల్లని ఇక్కడే ఉండనివ్వండి అని ఊలు మేడమ్‌తో చెప్పి వెళ్ళిపోయాడు. మేడమ్ ఏమీ ఎరగనట్టు అల్లిక అందుకుంది. బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాక లోకం ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. నాలుగు నెలలయ్యాక నా కాగితం మీద పాస్ అని సంతకం కూడా పడింది.

ఆ రోజు సవరణలో ఇలా రాశాను: "ఇండిపెండెంట్ సభ్యులు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఎవరి ఫోన్లు వారి దగ్గరే ఉన్నాయి. మా పొరపాటుకు క్షమించండి." క్షమాపణ కోసం రాసిన నాలుగు ముక్కలే గానీ పోస్టు చేశాక కూడా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మర్నాడు ఉదయం బాబాయికి అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు.

"కాపలా లేకుండా వదిలేస్తే అవతలోళ్ళు లాక్కుపోలా?"

"లాక్కుపోలేదు బాబాయ్. పెయ్యదూడ పుట్టింది. తెల్లారాక ఆయన స్నానం చేసి, తన కారేసుకుని తనే మీటింగుకి వెళ్ళాడట."

"అప్పుడా క్యాంపులో మా ఎమ్మెల్యే గారు ఐదో రోజు గేటు దగ్గరికి వచ్చి అడిగాడమ్మా," అన్నాడు బాబాయి. "కూతురికి జ్వరంగా ఉంది, ఒక్క గంట చూసొస్తా అన్నాడు. నాటకమనుకున్నా. పంపలా." నా చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చిన ఆ రిసార్టు కథ, ఆ తర్వాత ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేను హాలిఫాక్స్‌లోనే ఉంటున్నాను. ఓటు కూడా ఇక్కడే. ఫలానా దేశంలో ఎవరు గెలుస్తారు, ఎవరితో కలుస్తారని స్నేహితులు అడిగితే తెలియదంటాను, నిజంగానే తెలియదు. ఎప్పుడూ చూడని దేశంలో ఇండిపెండెంట్లందర్నీ ఐదు వాక్యాల్లో బస్సెక్కించిన ఆ అమ్మాయి అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎంత ధీమా ఆ పిల్లకి. అంత ధీమాగా తప్పు రాయడం ఇక నా వల్ల కాదు. కాస్త బెంగగానే ఉంటుంది గానీ, ఆ పిల్ల పొరపాటు విని నవ్వి, తనని ఇక్కడే ఉండనిచ్చిన మనుషులు ఉన్నారు కదా అనుకుంటే మనసు కుదుటపడుతుంది.