బండ తాగని నీళ్లు

సూర్యాపేట దాటి జనగాం రోడ్డు మీద పోతుండగా మా బస్సు టైరు పగిలింది. తక్కినవాళ్లంతా తుమ్మచెట్ల కింద కూర్చుని కండక్టరును తిట్టడం మొదలుపెట్టారు. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. సంచీ భుజాన వేసుకుని నడక సాగించాను. మైలు దూరం నడిచానో లేదో, నీళ్ల ట్యాంకరు లాక్కుంటూ ఒక ట్రాక్టరు వచ్చి పక్కన ఆగింది.

"ఎక్కండి మాస్టారూ, ఎంతదూరమని నడుస్తారు?" అన్నాడు డ్రైవరు. మాట తీరు కోదాడది. పేరు లక్ష్మీనర్సయ్య అని తర్వాత తెలిసింది.

ట్రాక్టరుకు రెండు మడ్‌గార్డులు. ఒకదాని మీద ఒకామె కూర్చుని ఉంది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. చేతుల నిండా వరికోత గీతలు. నేను రెండోదాని మీద సర్దుకున్నాను. ఆమె దారివైపు చూడటం లేదు. మెడ తిప్పి, వెనక వస్తున్న ట్యాంకరునే చూస్తోంది, చంటిపిల్లను వేరేవాళ్ల చంకకిచ్చిన తల్లిలాగా.

"మీరైనా అడగండి మాస్టారూ ఈవిడని," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "నెలరోజులు మిర్యాలగూడ పక్కన మా ఆసామి పొలంలో వరి కోసింది. కూలి వడ్లు కొలుస్తామంటే వద్దంది. బదులుగా ఒక ట్యాంకరు కాలవ నీళ్లు తిరుమలగిరి అవతల తన ఇంటిదాకా తోలించమంది. ఇంట్లో నీళ్ల గోళాలూ కుండలూ నింపుకుంటుందేమో అనుకున్నాం. కాదంట! ఎండిపోయిన బావిలో పోస్తుందంట!"

"నీళ్ల సంగతి నీకేం ఎరుక లచ్చినర్సయ్యా? కాల్వ గట్టున పుట్టినోనివి. నువ్ ముందర సూసి నడుపు," అంది ఆమె.

అది 1987 డిసెంబరు ఇరవై నాలుగు. తెల్లవారితే క్రిస్మస్. ఆమె పేరు దేవమ్మ.

ట్రాక్టరు మోతలో అరిచి చెప్పవలసి వచ్చినా, ఆమె చెప్పింది. ఆమె భర్త దానియేలు బావులు తవ్వే మనిషి. ముప్పై ఏళ్లుగా తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఊరివాళ్ల బావులన్నీ తవ్వాడు. తనకంటూ ఒకటి లేదు. ఆ ఏడు ఉగాది వెళ్లగానే ఇంటి పక్క మెట్ట చెలకలో సొంత బావి మొదలుపెట్టాడు. మొగుడు, పెళ్లాం, కొడుకు, కోడలు, నలుగురూ తవ్వారు. మేకలు ఒక్కొక్కటే అంగడికి పోయాయి. పది గజాలు మన్నూ, గరుకు రాళ్ల మొరమూ. ఆ కింద బండ తగిలింది. బండకు మందు పెట్టి పేల్చే స్తోమత లేదు. ఉలీ సుత్తీ పట్టుకుని గజమున్నర లోతు బండను చెక్కాడు. చెమ్మ కూడా రాలేదు. పైన వానలు లేవు, కింద ఊట లేదు. చివరికి ఒకరోజు పైనుంచి రాయి జారి అతని పాదం చితికింది. రెండు నెలలు సూర్యాపేట దవాఖానాలో పడి ఉన్నాడు.

"కాలు బాగయింది సారూ. మనిషే బాగ గాలె," అంది దేవమ్మ. "మూడు నెలల సంది బాయి దిక్కు మొకం తిప్పలె. గడ్డపార అటుక మీదికెక్కిచ్చిండు. తానం గుడ చెయ్యడు. నీళ్లు పట్టియ్యలేనోనికి నీళ్లెందుకంటడు. రేపు పండుగకు గుడికి రానన్నడట, కొడుకు కబురంపిండు. గాయన లేకుంట నాకు పండుగేంది?"

"మరి నీళ్లు తెస్తే లేస్తాడా?"

"లేవకపోతే ఒక నెల కోత పాయె. గంతే గద."

చరిత్ర పుస్తకాలు తిరగేసినవాణ్ని. బంగారంతో తూగిన రాజుల సంగతీ, పన్నీట జలకాలాడిన రాణుల సంగతీ చదివాను. వాళ్లెవరూ మర్నాటి గింజలు వదులుకుని ఆ పని చేయలేదు. కష్టపడ్డ ఏడాది చివర క్రిస్మస్‌కు చెయ్యి బారజాపి ఖర్చుపెట్టిన ఇళ్లను ఈ ప్రాంతంలోనే చాలా చూశాను. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు హమాలీ, ఏడాదంతా నూకలు తిన్నవాడు, ఆ ఒక్కరోజు సన్నబియ్యం వండించి, తినకుండా ఆ ఆవిరి పీలుస్తూ కూర్చున్నాడు. కోదాడలో ఒక టీచరమ్మ మూడంతస్తుల కేకు తెప్పించి, కోయడానికి మనసొప్పక దాచిపెడితే పండగంతా చీమలు చేసుకున్నాయి. సూర్యాపేటలో ఒకతను బ్యాండుమేళాన్ని పిలిపించి, ఊరేగింపూ ఏమీ లేకుండా, జబ్బు నుంచి లేచిన తల్లి మంచం ముందు నిలబెట్టి గంటసేపు వాయించాడు. ఆమె చెవిటిది. డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి నవ్వుతూ ఉండిపోయింది. ఇవన్నీ చూసినవాణ్ని కనుక ఇక నన్నెవరూ ఆశ్చర్యపరచలేరనుకునేవాణ్ని.

"నేల తాగేస్తుందమ్మా," అన్నాడు లక్ష్మీనర్సయ్య మళ్లీ. "గంటలో గుటుక్కుమంటుంది. ఇంతదూరం తోలుకొచ్చిన నాకు కడుపు మండుతుంది."

"మన్ను తాగుతది. మొరం తాగుతది. బండ తాగది," అంది దేవమ్మ. "గా బండల ఒక్క పగులుంటే మాకు ఊట పడుతుండె. పగులు లేదనే మా ఇల్లు మునిగింది. పగులు లేదు గాబట్టే నీళ్లు నిలుస్తయ్."

లక్ష్మీనర్సయ్య నా వైపు చూశాడు. తర్వాత గేరు మార్చాడు.

అర్వపల్లి దాటాక దేవమ్మ ఒక్కసారిగా, "ఆపు, ఆపు!" అంది. ట్యాంకరు వాల్వు దగ్గర సన్నటి ధార. ఎంతదూరం నుంచి కారుతోందో, వెనక రోడ్డు మీద తడిగీత కనిపిస్తోంది. లక్ష్మీనర్సయ్య గ్రీజు గుడ్డ అందించాడు. ఆగలేదు. దేవమ్మ తన మూట విప్పింది. ఆసామి భార్య పండక్కు పెట్టిన కొత్త చీర, మడత విప్పనిది. పళ్లతో కొరికి అంచు పొడుగునా చించింది. దాన్ని తడిపి, రోడ్డు పక్క ఎర్రమట్టి పిసికి అందులో అద్ది, వాల్వు చుట్టూ బిగించి కట్టింది. ధార నిలిచింది.

"కొత్త చీరమ్మా!" అన్నాను.

"అంచు లేకుంటే కట్టరాదా సారూ?" అని మళ్లీ ఎక్కి కూర్చుంది.

పొద్దు వాలే వేళకు చేరాం. మట్టిగోడల ఇల్లు, పండక్కు కొత్తగా సున్నం కొట్టారు. చూరుకు వెదురు బద్దలతో కట్టిన కాగితపు నక్షత్రం. ఇంటికి పది అడుగుల్లో బావి, రెండు గజాల వెడల్పు, గిరక కూడా బిగించి ఉంది, నీళ్లు ఎప్పుడూ చూడని గిరక. కొడుకు మల్సూర్, కోడలు అన్నమ్మ, ఇద్దరు మనవరాళ్లు బయటికి వచ్చారు. వాళ్ల వెనక దానియేలు తల్లి సుక్కమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, సంగతి విని, నెత్తి కొట్టుకుంది.

"ఓ పిల్లా, వడ్లు తెస్తవనుకుంటే నీళ్లు తెస్తివా? బాయిల కెల్లి నీళ్లు తోడుతరు గని, బాయిల నీళ్లు పోసుడు నా పుట్టుకల సూడలె!"

"గిప్పుడు సూడు అత్తా. కండ్లు మంచిగనే ఉన్నయ్ గద," అంది దేవమ్మ.

మల్సూర్ పైపు బిగించాడు. నీళ్లు బండ మీద పడిన చప్పుడుకు ఇంట్లోంచి ఒక గొంతు లేచింది.

"ఓ దేవమ్మా! సచ్చినోని నోట్ల నీళ్లు పోస్తున్నవా?"

దానియేలు మంచం దిగలేదు. తలుపు సందులోంచి అతని చితికిన పాదం మాత్రం కనిపిస్తోంది.

"సావలే! ఎండిండు!" అని ఇక్కణ్నుంచే అరిచింది దేవమ్మ. "ఎండినోని నోట్లె పోస్తున్న!"

ట్యాంకరు ఖాళీ అయ్యింది. లక్ష్మీనర్సయ్య వెళ్లిపోవాలి, కాని ట్రాక్టరు స్టార్టు చేయలేదు. "ఏమవుతుందో చూసే పోతాను," అన్నాడు. అన్నమ్మ తాడుకు రాయి కట్టి బావిలోకి దింపి తడిసినంత మేర కొలిచి, తాడుకు ముడి వేసింది. కాసేపాగి మళ్లీ దింపింది.

"అత్తా! జానెడు తగ్గింది!"

సుక్కమ్మ శోకం అందుకుంది. లక్ష్మీనర్సయ్య తలపట్టుకుని ట్రాక్టరు చక్రానికి ఆనుకున్నాడు. దేవమ్మ మొహంలో రంగు మారింది. దారంతా చూడని భయం అప్పుడు చూశాను. పెదవి కొరుక్కుంటూ బావి అంచునే నిలబడింది. అన్నమ్మ మూడోసారి దింపింది.

"ఇంకో బెత్తెడు!"

అప్పుడు లోపలి నుంచి, విసుగ్గా, తప్పు లెక్క చెప్పిన పిల్లలను దిద్దే పంతులు గొంతుతో దానియేలు అన్నాడు:

"ఎందుకే ఒర్లుతరు? బండ అంచు దాటి పోసిన్రు, గా పై నీళ్లను మొరం తాగుతది. బండ అంచు కాడ ఆగుతది."

మూడు నెలల్లో బావి గురించి అతను మాట్లాడిన మొదటి మాట అదట. దేవమ్మ మెల్లగా కూలబడి, బావి గట్టు రాతికి వీపు ఆనించింది. "ఇగ ముట్టకున్రి. పొద్దుగాల సూద్దాం," అంది.

వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తిని, వాకిట్లో నులకమంచం మీద పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఎవరో కుంటుతూ నడుస్తున్న చప్పుడు. దానియేలు. ఎత్తైన మనిషి, గడ్డం మాసిపోయింది. ఎవరినీ లేపకుండా బావి దగ్గరికి వెళ్లి, రాతికి బోర్లా ఆనుకుని లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు తెలిసింది, దేవమ్మ రాత్రంతా అక్కడే గొంగడి కప్పుకుని కూర్చుని ఉంది. అతనే అన్నాడు.

"అంచు కాడ్నే ఆగింది. సూసినవా? మట్టం పెట్టి గీసినట్టు."

నేనూ వెళ్లి చూశాను. నాలుగు దిక్కులా బండ అంచుకు సరిగ్గా సమంగా, వెంట్రుకవాసి హెచ్చుతగ్గులు లేకుండా, నీళ్లు నిలబడి ఉన్నాయి. తెల్లవారే ఆకాశం గుండ్రంగా అందులో ఉంది. ఒక్క ఊట చుక్క రాని చోట, ఉలి దెబ్బ మీద ఉలి దెబ్బ వేసి ఈ మనిషి చెక్కింది పగులు లేని ఒక రాతిగిన్నె. ఎన్నో కట్టడాలు చూశాను, బోర్లా వంగి చూసింది మాత్రం ఇదొక్కదాన్నే.

"బొక్కెన తే," అన్నాడు దానియేలు.

గిరక కిర్రుమంది. బొక్కెన నీటిని తాకిన చప్పుడుకు ఇల్లంతా లేచింది. అతను రాతికి నడుము ఆనించి, బాగున్న కాలు మీద బరువు మోపి తోడసాగాడు. మల్సూర్ సాయం రాబోతే, "జరుగు బిడ్డా," అన్నాడు. దేవమ్మ కాగు కింద మంట పెట్టింది. మనవరాళ్లకు మొదటి తానం. చిన్నది అలవాటు ప్రకారం రెండు చెంబులు పోసుకుని లేవబోయింది.

"కూసో! ఇంక పోసుకో!" అంది దేవమ్మ.

"సాలు నానమ్మా, నీళ్లు ఒడిసిపోతయ్!"

"ఒడువనీ! ఇయ్యాల సాలనొద్దు!"

ఆ పిల్ల నమ్మలేక ఒక్కొక్క చెంబే పోసుకుంటూ, ప్రతి చెంబుకూ నానమ్మ మొహం చూస్తూ, చివరికి పగలబడి నవ్వుతూ బొక్కెనెడు నెత్తిన గుమ్మరించుకుంది. తర్వాత అన్నమ్మ, మల్సూర్. తడక చాటున సుక్కమ్మకు దేవమ్మే వీపు రుద్దింది. "నిన్న తిట్టిన నోరు కూడా కడుగవే!" అంటూ ముసలమ్మ కేరింతలు. పక్క తండా నుంచి హీరాలాల్ అనే ముసలాయన బిందెతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. దానియేలు పిలిచి బిందె నింపాడు. తర్వాత తండా నుంచి ఇంకా బిందెలు వచ్చాయి. ఎవరినీ ఎన్నని అడగలేదు. కాలవ గట్టున పుట్టిన లక్ష్మీనర్సయ్య కూడా చొక్కా విప్పి కూర్చుని, కళ్లు మూసుకుని పోయించుకున్నాడు. నాకూ పోశారు. ఆ వేడినీళ్లు ఇప్పటికీ నా భుజాల మీద ఉన్నాయి.

చివరికి దేవమ్మ భర్తను రాయి మీద కూర్చోబెట్టింది. మల్సూర్ తోడాడు, ఆమె పోసింది. మూడు నెలల మట్టి ఎర్రగా కారింది. చితికిన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని తోమింది. దానియేలు తల వంచుకునే కూర్చున్నాడు. మొహం మీద కారేవి ఏ నీళ్లో నేను వెతకలేదు.

ప్రార్థన గుడి దగ్గర గంటగా కట్టిన రైలుపట్టా ముక్క మోగింది. బొక్కెన బండకు తగిలి ఖంగుమంది. బావి మళ్లీ ఖాళీ. చివరి బొక్కెన సగమే నిండింది, అదీ బురద కలిసిన నీళ్లు. లక్ష్మీనర్సయ్య నిట్టూర్చాడు. "అయిపోయాయి," అన్నాడు. ఇప్పుడు ఈయన మళ్లీ మంచమెక్కుతాడేమోనని నాకు భయమేసింది.

దానియేలు తల తుడుచుకుంటూ బావిలోకి తొంగిచూశాడు. కొడుకుతో అన్నాడు:

"అటుక మీది గడ్డపార దింపు. గా తూర్పు దిక్కు బండ మోత డొల్లగ ఉన్నది, బొక్కెన తగిలితే ఇన్న. గాడ ఇంకో గజం కొట్టి సూద్దాం. పండుగ ఎల్లినంక."

దేవమ్మ ఆ మాట వింది. ఆ సగం బొక్కెన ఎత్తుకుని తడక చాటుకు పోయింది. వచ్చేటప్పటికి అంచు లేని కొత్త చీర కట్టుకుని ఉంది. జుట్టు తడిగానే ముడివేసింది. మనవరాళ్ల చేతులు చెరొకటి పట్టుకుంది. ముందు దానియేలు కర్ర ఊతంతో కుంటుతూ గుడివైపు బయలుదేరాడు. ఏదో ఒకటి చెప్పాలని నేను రెండడుగులు వేశాను, సంచీ భుజానికి ఎత్తుకుంటూ, "దేవమ్మా," అని పిలిచాను కూడా. గంట రెండోసారి మోగింది. ఆమె అడుగు వేగం పెంచి, భర్తను కలుసుకుని, చెలక గట్టు దాటి వెళ్లిపోయింది. ఆ ఎర్రమట్టి దారి మీద ఆమె జుట్టు నుంచి కారిన చుక్కలు ఒకటొకటిగా ఇంకిపోతున్నాయి.