ఐదు ముందా, పదకొండు ముందా

ఎనభైల్లో మేం అమెరికాలోని చాండ్లర్‌కి కొత్తగా మారాం. నేను ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రోగ్రామర్ని. తెర మీద తేదీలు ఎలా కనిపించాలో చూడటం నా పనుల్లో ఒకటి.

పాపకి టీకాలు వేయించి వచ్చేద్దామని మావారూ నేనూ క్లినిక్‌కి వెళ్లాం. డాక్టర్ తన బల్ల మీది కంప్యూటర్‌ను చూసి, పాపను చూసి, మొహం చిట్లించాడు.

"పట్టుకుని నిలబడుతుందా?"

"లేదు డాక్టర్."

"ఒక్క మాటైనా అంటుందా?"

"లేదు. ఊ కొడుతుంది."

"ఎదుగుదల బాగా వెనకబడింది. మెదడు పరీక్షలు చేయించాలి."

తొలి బిడ్డ. ఏ నెలలో ఏం చేస్తారో చెప్పే పెద్దవాళ్లెవరూ దగ్గర లేరు. నా పాలు చాల్లేదా, దేవుడా? కళ్లనీళ్లు ఆగలేదు.

"పదమూడు నెలల పిల్ల ఇలా ఉండకూడదు," అన్నాడు డాక్టర్.

"పదమూడేంటి! దీనికి మొన్నేగా ఏడు నిండాయి!"

ఒక్క ఉదుటున లేచి తెర నావైపు తిప్పుకున్నాను. పుట్టిన తేదీ 5/11. నవంబరు ఐదున పుట్టిన పిల్లని మే పదకొండుకి జరిపేశారు. క్లినిక్‌లో ఇచ్చిన కాగితం నింపింది మావారే. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో కంటికి కనపడనివి కొలిచే మనిషి!

"ఏవండీ, ఇక్కడ నెల ముందు రాయాలని తెలీదా?"

"ఆఫీస్‌లో అలాగే రాస్తాను. పాప పుట్టినరోజు అనేసరికి చెయ్యి మన దేశంలోలాగే రాసేసింది," అన్నారు నీరసంగా.

డాక్టర్ సారీ చెప్పి, పాప భేషుగ్గా ఉందన్నాడు. నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఆఫీసులో, నెలని అక్షరాల్లో చూపిద్దామన్నాను. "స్క్రీన్ మీద చోటెక్కడుంది? అయినా అలా ఎవరు పొరబడతారు?" అన్నాడు మా బాస్. "మా ఇంట్లోనే పొరబడ్డారు," అని, అది మార్చేదాకా అతని ప్రాణం తీశాను.

తప్పు తేలిపోయింది కానీ నా భయం పోలేదు. రోజూ సాయంత్రం పాపను సోఫా దగ్గర నిలబెట్టేదాన్ని. "ఒక్కసారి నిలబడవే, నా తల్లీ!" అది మోకాళ్లు మడిచి కూలబడి నవ్వేది. "దానికింకా టైమ్ ఉంది, వదిలెయ్యి," అని మావారు విసుక్కునేవారు.

ఒక ఆదివారం ఎవరూ అడక్కుండానే సోఫా పట్టుకుని లేచింది. మావారు చప్పట్లు కొడుతూ కెమెరా కోసం పరిగెత్తారు. నేను నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.