రోచెస్టర్ చేరని శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున నా భార్య పాత పాస్‌పోర్టును ఆమె బ్యాగులోంచి తీసి సొరుగులో పెట్టింది నేనే. ముందే రాసేస్తున్నాను. ఆ రోజు ఈ మాట నా నోటి నుంచి రావడానికి చాలాసేపు పట్టింది.

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉండే మాకు అమెరికా సరిహద్దు ఎంతో దూరం కాదు. అవతల రోచెస్టర్‌లో ఆమె అక్క ఉంటుంది. ఇద్దరూ కలుసుకుని ఆరేళ్ళయింది. అక్కావాళ్ళు నెలాఖరుకి టెక్సాస్ వెళ్ళిపోతున్నారు. ఈలోగా ఒక్కసారి చూసి రావాలని ఆమె పట్టుబట్టింది. మా కారు అంతదూరం వెళ్ళే స్థితిలో లేదు, విమానం ఖరీదు. అందుకని రైలు. మూడు వారాలు రోజూ ధర చూసి, బాగా తగ్గిన రోజు టికెట్లు కొన్నాను. స్టేషన్‌కి సిటీ బస్సు, తిండి ఇంటి నుంచి, మనిషికి ఒక్క బ్యాగు. ఆ ప్లాన్ చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

ఆమె రెండు పాస్‌పోర్టులకీ కలిపి రబ్బరు బ్యాండు వేసుకుంది.

“గడువు తీరిందని మూల కత్తిరించేసిన పుస్తకం, అదెందుకు? రెండు చూపిస్తే రెండింతలు ప్రశ్నలు వేస్తారు.”

“అందరూ అలాగే పట్టుకెళ్తారు కదండీ.”

“అందరికీ భయం. ప్లాన్ చేసింది నేను. నువ్వు పులిహోర సంగతి చూడు.”

“సరే టీసీ గారూ, మీరు చెప్పాక తప్పుతుందా!” అని నవ్వింది.

ఆమె అమెరికా వీసా ఆ పాత పుస్తకంలోనే ఉంది. పాస్‌పోర్టు గడువు తీరినా అందులోని వీసా ఇంకా చెల్లుతుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఎనిమిది నెలల క్రితం నాకు కెనడా పాస్‌పోర్టు వచ్చింది. నాకిక వీసా అక్కర్లేదు. నా కంటే మూడేళ్ళు ఆలస్యంగా వచ్చి, ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉన్న ఆమెకు కావాలన్నది బుర్రలోంచి జారిపోయింది.

వంతెన దాటాక అమెరికా వైపు నయాగరా స్టేషన్లో తనిఖీకి అందరినీ సామానుతో దించారు. నా పని నిమిషంలో అయిపోయింది. ఆమె పాస్‌పోర్టు పేజీలన్నీ తిరగేసి, వీసా ఎక్కడని మర్యాదగానే అడిగాడు ఆఫీసరు. ఆమె నా వైపు చూసింది.

“ఇంట్లో మర్చిపోయింది,” అన్నాను ఇంగ్లీషులో.

ఆమె ఆఫీసరుకి సారీ చెప్పింది. మీరు కావాలంటే వెళ్ళవచ్చని అతను నాతో అన్నప్పుడు, ఒక్క క్షణం నేను రైలు వైపు చూశాను. అది ఆమె గమనించిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

మమ్మల్ని వెనక్కి పంపారు. కెనడా వైపు బస్టాండులో కూర్చుని ఆమె అక్కకి ఫోన్ చేసింది. అక్క గొంతు నాకూ వినిపిస్తోంది.

“నేనే మర్చిపోయానక్కా.”

“చిన్నప్పట్నుంచీ అంతేనే నువ్వు! హాల్ టికెట్ లేకుండా పరీక్షకి పోయినదానివి! పాపం మరిదిగారు ఎంత కష్టపడి ప్లాన్ చేశారో!”

ఆ ‘పాపం’ వినలేకపోయాను. ఫోన్ తీసుకున్నాను.

“వదినా, తను మర్చిపోలేదు. తను పెట్టుకుంటే నేనే తీసేశాను. పైగా ఆఫీసరు ముందు తన మీదకి తోసేశాను.”

“దానికి చెప్పారా ఈ మాట?” అంది వదిన.

చెప్పలేదు. నా భార్య బస్సుల బోర్డు వైపు చూస్తోంది. ఆమె ముందు నిలబడి, తప్పంతా నాదేనని చెప్పాను. రైలు వైపు చూసిన సంగతితో సహా.

“ఇంటికెళ్దాం పదండి,” అంది. తన బ్యాగు తీసుకుని నాకంటే ముందే బస్సు వైపు నడిచింది.

శనివారాలూ పనుండే మా ఆఫీసులో సోమవారమే సెలవు అడిగాను. నెలాఖరు ముందు మిగిలిన ఒక్క శనివారానికి కారు అద్దెకు తీసుకుని, ఎప్పుడు బయల్దేరాలో, ఏమేం తీసుకెళ్ళాలో ఆమెనే చెప్పమన్నాను. ఈసారి రెండు పాస్‌పోర్టులూ ఆమె బ్యాగులోనే ఉన్నాయి. రోచెస్టర్‌లో అక్కాచెల్లెళ్ళు మేడ మీద గదిలో తలుపేసుకున్నారు. నేను కింద వంటింట్లో గిన్నెలు కాగితాల్లో చుట్టి, వదిన చెప్పిన పెట్టెల్లో సర్దుతూ కూర్చున్నాను.