శుక్రవారం అవ్వ

దోహాకు వచ్చిన కొత్తలో మనిషికి గొంతొక్కటి బాగుంటే చాలు, ముఖంతో పనేముంది అనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో శుక్రవారమంటే బట్టలుతుక్కోవడం, బిర్యానీ తినడం, ఆపైన మా ఇంటర్నెట్ రేడియో. అల్ మన్సూరాలో ఒక ఫ్లాటు పడగ్గదే మా స్టూడియో. (బయటి చప్పుడు రాకుండా కిటికీకి పరుపు ఆనించేవాళ్ళం.) దాన్ని నడిపే గుంటూరాయన్ని డైరెక్టర్ గారనేవాళ్ళం. నేను మామూలు రోజుల్లో ఒక కంపెనీ స్టోర్‌కీపర్ని, పెళ్ళి సంబంధాలు చూస్తున్న నిజామాబాద్ కుర్రాణ్ణి. రేడియోలో మాత్రం ముసలి అవ్వని. గొంతు వణికించి "తిన్నవా కొడుకా?" అంటే చాలు, లేబర్ క్యాంపుల నుంచి ఫోన్లు వచ్చి పడేవి. అందరూ నన్ను నిజంగా ముసలమ్మనే అనుకునేవారు. నేనేమో నన్ను నేను మహా కళాకారుణ్ణనుకునేవాణ్ణి.

జగిత్యాల మేస్త్రీ ఒకాయన వారం వారం ఫోన్ చేసేవాడు. తల్లి పోయినప్పుడు సెలవు దొరక్క ఊరికి వెళ్ళలేకపోయాడట. "నీతోని మాట్లాడితే మా అవ్వతోని మాట్లాడినట్టే అయితది" అన్నాడొకసారి. ఆ పూట నా గొంతు దానంతటదే వణికింది.

ఇలా ఉండగా డైరెక్టర్ గారికి టీవీ మోజు పుట్టింది. "ఇక నుంచి వీడియోలో లైవ్. చీర కట్టుకుని కూర్చో. ఆ మీసం తీసెయ్" అన్నారు.

"మీసం తీసుడు మాఫీ సార్, అది మాత్రం కాదు. సంబంధం మాట్లాడుతున్నరు" అన్నాను. చివరికి కొంగు అడ్డం పెట్టుకునేటట్టు ఒప్పందం కుదిరింది. అయితే మొదటి అతిథిగా ఆయన ఆ మేస్త్రీనే పిలిచేశారని తర్వాత తెలిసింది. నా పరువు సంగతి అలా ఉంచండి. ఆ మనిషికి తల్లిని రెండోసారి లేకుండా చేస్తానేమోనని భయం వేసింది.

మేస్త్రీ అవ్వ కోసం ఊరి నుంచి తెప్పించిన నేత చీరతో వచ్చాడు. కెమెరా ముందే కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆయన్ని ఆపే తొందరలో కొంగు జారిపోయింది. డైరెక్టర్ గారు తల పట్టుకున్నారు. మేస్త్రీ నా మీసం వంక చూశాడు.

"మా అవ్వకు గూడ జరంత మీసముండె తియ్" అన్నాడు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుని, "ఇగ మాట్లాడు అవ్వా" అన్నాడు.

నడుం నొప్పి తగ్గిందా, మందు రాసుకుంటున్నవా అని అడిగాను. వెనక్కి తిరగకుండానే అన్నిటికీ జవాబు చెప్పాడు. చూసేవాళ్ళకు దక్కింది ఆయన వీపు, నా మీసం. నా టీవీ జీవితం అంతటితో సరి. (ఆ చీరను సెలవులో తీసుకెళ్ళి మా అమ్మకిచ్చాను. గల్ఫంటే ఆమెకు దుబాయే, దుబాయ్ చీర అంటూ వాడంతా చూపించుకుంది.)

ఇప్పుడు దోహా పక్కనే అల్ వుకైర్‌లో కాపురం. రేడియో ఎప్పుడో మూతపడింది. మేస్త్రీ ఊరికి వెళ్ళిపోయి తాతయ్యాడు, అయినా శుక్రవారం ఫోన్ మానడు. నాతో ఉద్యోగం గురించీ పిల్లల గురించీ మాట్లాడాక, "సరే తమ్మీ, ఇగ అవ్వకియ్యి ఫోన్" అంటాడు.

"ఆగన్నా, పిలుస్తా" అని ఫోన్ పక్కన పెడతాను. మా అమ్మాయి నవ్వుతూ చూస్తుంటుంది. అవ్వ వచ్చేలోపు నేను గొంతు సవరించుకుంటాను.