నాన్న చేసిన ఒకే ఒక గడియారం

గడియారాల కొట్టులో అన్నదమ్ములిద్దరిదీ ఒకే బల్ల. కిటికీ వైపు కుర్చీ మాత్రం ఏడాదిగా తమ్ముడిది. వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే "చిన్నాయన ఉన్నాడా?" అని అడగడం మొదలుపెట్టాక, పెద్దాయన తనంతట తానే గోడవైపు జరిగిపోయాడు. తమ్ముడికి పట్టకారు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఒక ఉదయం డాక్టరుగారి కూతురు జేబురుమాల్లో చుట్టిన బంగారు జేబుగడియారం తెచ్చింది. మూత చూడగానే అన్న లేచి నిలబడ్డాడు. అది వాళ్ళ నాన్న చేసి డాక్టరుగారికి అమ్మింది. జీవితమంతా పరాయి గడియారాలు బాగుచేసిన మనిషి, మొదటి మర నుంచి చివరి ముల్లు దాకా తన చేత్తో చేసింది అదొక్కటే. ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ బడి వదలగానే వచ్చి, మరలు చెక్కే లేతు చక్రం తిప్పింది పెద్దకొడుకు. చిన్నవాడు అప్పటికి పుట్టనే లేదు.

"చిన్నాయన చేతికే ఇవ్వమన్నారండీ మావాళ్ళు" అందామె.

తమ్ముడు వారం రోజులు దానికే అతుక్కుపోయాడు. డయలు ఊడదీసిన రోజు, "అన్నయ్యా, ఒకసారి ఇటు రా" అని పిలిచాడు. లోపలి పలక మీద నాన్న సూదిమొనతో తన పేరు గీసుకున్నాడు. దాని కింద, 'చిన్నవాడు పుట్టిన రోజున పూర్తయింది' అని ఉంది.

"చూశావా, నేను పుట్టిన రోజే" అని తమ్ముడు మురిసిపోయాడు.

"ఊ" అన్నాడు అన్న.

ఆరేళ్ళు లేతు తిప్పిన చేతి ఊసే లేదు. మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వెళ్ళగానే అన్న గడియారం మీద బోర్లించిన గాజుగిన్నె ఎత్తి, వెంట్రుకంత సన్నటి చుట్టల స్ప్రింగును పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కి, మళ్ళీ గిన్నె బోర్లించేశాడు. చేతులు వణకలేదు. తరవాత ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

తమ్ముడు తిరిగొచ్చి చూశాడు. భూతద్దం కంటికి పెట్టుకుని చుట్టలు ఒక్కొక్కటే పరీక్షించాడు. "స్ప్రింగు దెబ్బతింది. ఇది నావల్ల కాదన్నయ్యా, నువ్వే చూడు" అన్నాడు.

కాదనే దారి లేదు. వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చుని, తాను వంచిన చుట్టను తానే మూడు రోజులు ఇంతింతగా సరిచేశాడు. నాలుగోనాడు గడియారం నడిచింది. డాక్టరుగారి కూతురు వచ్చినప్పుడు తమ్ముడు, "నేను చేతులెత్తేశానండీ. దీన్ని బతికించింది మా అన్నయ్యే" అన్నాడు. ఆమె మెచ్చుకుంటున్నంతసేపూ అన్న తల ఎత్తలేకపోయాడు.

ఆమె వెళ్ళాక ఉండబట్టలేక చెప్పేశాడు. "ఆ స్ప్రింగు వంచింది నేనేరా."

"తెలుసు. పట్టకారు గుర్తు కనబడింది."

"తెలిసీ ఊరుకున్నావా?"

తమ్ముడు భూతద్దం తుడుస్తూ అన్నాడు. "ముందు ఒళ్ళు మండిపోయింది. కానీ స్ప్రింగు సరిచెయ్యడం నీకొచ్చినట్టు నాకు రాదు. చిన్నప్పటినుంచీ నాకూ అదే ఏడుపు. నువ్వెలా చేస్తావో ఈసారైనా పట్టేద్దామని మూడు రోజులూ కళ్ళప్పగించి చూశా. అంతుపట్టలేదు."

తనను చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారని అన్న ఏనాడూ అనుకోలేదు. సిగ్గుపడవలసిన చోట, నిజం చెప్పాలంటే, ఆయన కొంచెం సంతోషించాడు.

మూడేళ్ళయింది. తమ్ముడు పక్కవీధిలో వేరే కొట్టు పెట్టుకున్నాడు. స్ప్రింగు పాడైనవన్నీ అన్నకే పంపుతాడు. అన్న వాటిని శ్రద్ధగా బాగుచేసి, తానే పట్టుకెళ్ళి ఇచ్చి, అక్కడ గుమ్మంలో ఎంతమంది నిలబడ్డారో ఓరకంట చూసి వస్తాడు. జనం ఎక్కువగా ఉన్న రోజు ఆయనకు ముద్ద దిగదు.

"మళ్ళీ తమ్ముడి కొట్టుకు వెళ్ళొచ్చారా?" అంటుంది భార్య, కంచంలోకి చూస్తూ.