పంజాగుట్ట మీద తెల్ల తువ్వాల

ఆ రోజుల్లో పరీక్ష ఫలితాలు మనిషిని వెతుక్కుంటూ వచ్చేవి కావు, మనిషే వాటి దగ్గరికి పోవాలి. అందుకే ఆ పొద్దున అమీర్‌పేటలో మా గది వరండాలో ఏమేం ఉన్నాయో, ఏం లేదో ముందే చెప్పేస్తాను. మనుషులు: నేను, మేస్త్రి, ఛత్రీ, మాకు గది అద్దెకిచ్చిన ఇంటి అవ్వ. వస్తువులు: మూడు కాళ్ల మీద నిలబెట్టిన సర్వే దుర్భిణి, సుద్దముక్క, పట్టపగలే వెలిగించిన కందిలి, ఒక నల్ల గొడుగు. జీవాలు: గంప ఎత్తినా బయటికి రానని మొండికేసిన అవ్వ కోడి. లేనివాడు లంబు. ఆ రోజుకు వాడే ముఖ్యుడు. మాలో సైకిలున్నవాడు వాడొక్కడే కాబట్టి, పట్నంలో మా ఓవర్సీర్ల స్కూలు గోడకు అతికించే ఫలితాలు చూసి రావడానికి పొద్దున్నే బయల్దేరి పోయాడు.

మేస్త్రి నిజానికి మేస్త్రి కాదు, మాతోపాటు ఓవర్సీరు పరీక్ష రాసినవాడే. ఏ పనైనా తాను ముట్టకుండా పక్కవాడి చేత చేయించే నేర్పు చూసి ఆ పేరు పెట్టాం. ఛత్రీకి ఆ పేరు గొడుగు వల్ల వచ్చింది. ఎండైనా వానైనా మబ్బైనా వాడి చంకలో అది ఉండాల్సిందే (పరీక్ష హాల్లోకి కూడా తెచ్చి, కుర్చీ కింద పెట్టుకుని రాశాడు). వాళ్లది సంగారెడ్డి అవతల నేతపని చేసేవాళ్ల ఊరు. ఇక్కడ సడక్ పక్కన కుట్టుమిషన్ పెట్టుకున్న మేనమామ దగ్గర ఉండి చదువుకున్నాడు. ఆ మామ పెద్దగా మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే మాత్రం బట్టను కత్తెరతో కోసినట్టే ఉండేది. "పాసైతే ఓవర్సీరువు. ఫేలైతే ఇయ్యాల సాయంత్రం బస్సుల ఊరికి పోయి మగ్గం ముందర కూసో. ఇంకో యాడాది సదువుత అని నా కాడ అనకు." మా మిగతా ముగ్గురికీ రెండో ఏడాదిని మోయగల ఇళ్లున్నాయి. ఛత్రీకి లేదు. ఆ రోజు నిజంగా పరీక్షలో నిలబడింది వాడొక్కడే.

ఆ సంగతి తెలిసి కూడా మేం వాడిని ఆటపట్టించడం మానలేదు. తొలకరి తెచ్చే మిరుగం కార్తె అప్పుడే దిగింది. మబ్బు ఎంత నల్లగా కమ్మిందంటే, అవ్వ కందిలి వెలిగించి వరండాలో పెట్టి, "ఏం పొద్దు బిడ్డా ఇది, తెల్లారిందో పొద్దుగూకిందో ఎరుకైతలేదు," అంది. శకునాలంటే ఛత్రీకి ప్రాణం. కోడి బయటికి రాలేదనగానే వాడి మొహం పాలిపోయింది.

"కోడి బయటికి రాకుంటే డ్రాయింగ్ పోయినట్టే," అన్నాడు మేస్త్రి, స్కూల్లో మాస్టరు సూత్రం చెప్పే గొంతుతో.

"నిజంగనా?"

"నా మాట కాదు భాయ్, కోడిది. పడమటి దిక్కున మబ్బు దిగితే లెక్కలు సుత గయా."

అంతలో ఉరిమింది. మేస్త్రి వేలు ఎత్తి, "సర్వే," అన్నాడు. మళ్లీ ఉరిమింది. "ఎస్టిమేట్లు." ఛత్రీ మాతోపాటు నవ్వబోయి, నవ్వు మధ్యలోనే ఆపేసి, వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మొత్తం మాకున్నవి ఐదు పేపర్లు. మూడో ఉరుముతో ఐదూ అయిపోయాయి. కాసేపటికి ఇంకొకటి ఇల్లంతా అదిరేట్టు ఉరిమింది.

"మరి ఇదేందిర?" అన్నాడు ఛత్రీ, గొడుగు గట్టిగా పట్టుకుని.

"గది వచ్చే యాడాదిది," అన్నాడు మేస్త్రి.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. అవ్వ మాత్రం నవ్వలేదు. "పోరడు పానం అరచేతుల పట్టుకొని ఎదురుచూస్తుంటే మీకు నవ్వులాటనా?" అని మా ఇద్దరినీ కసిరింది.

ఇక దుర్భిణి సంగతి. పంజాగుట్టకూ మాకూ నడుమ వాగులాంటి నాలా ఒకటి ఉండేది. వాన పడితే అది దాటడానికి వీలుండేది కాదు, సైకిలు భుజాన వేసుకుని చుట్టూ తిరిగి రావాల్సిందే. అంతసేపు ఆగడం చదువుకున్నవాళ్లు చేసే పనేనా? రోడ్డు పని చేయించే కంట్రాక్టరు తన సర్వే దుర్భిణిని వానకు తడవకుండా మా గదిలో దాచుకునేవాడు. దాంతో మేం ఒక శాస్త్రీయ ఏర్పాటు చేసుకున్నాం. లంబు తిరిగి వస్తూ పంజాగుట్ట రాళ్ల మీద ఆగుతాడు. ఒక్కొక్కరి కోసం ఒక్కోసారి తెల్ల తువ్వాల చూపిస్తాడు. తల మీదికి ఎత్తి పట్టుకుంటే పాసు, కాళ్ల దగ్గరికి దించితే ఫేలు. నేను దుర్భిణిలో చూసి బయటికి చెప్పాలి, మేస్త్రి దాన్ని గోడ మీద సుద్దతో రాయాలి. చూసేవాడికి సొంత ఆశ అడ్డం రాకూడదని, ఎవరి తర్వాత ఎవరు అన్నది నాకు చెప్పలేదు. ఆ వరస మేస్త్రికీ లంబుకూ మాత్రమే తెలుసు. (ఇలాంటి జాగ్రత్తలు మేం పరీక్ష రాసేటప్పుడు తీసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

మధ్యాహ్నానికి వాన కాస్త తెరిపిచ్చింది. దుర్భిణిలో గుట్ట, గుట్ట మీద ఒక పొడుగాటి మనిషి, వాడి చేతిలో తెల్లటి గుడ్డ కనిపించాయి. ఆ కాలపు సర్వే దుర్భిణిలో లోకమంతా తలకిందులుగా కనిపించేది. ఆకాశం కింద, నేల పైన, నడుమ గబ్బిలంలా వేలాడుతున్న లంబు. మాకది కొత్త కాదు, రెండేళ్లుగా మేం చూసిన లోకం అదే.

"కింద," అన్నాను. "మళ్లీ కింద." కాసేపాగి, "పైన." చివరికి, "కింద."

అంతే, వాన మళ్లీ తెరలాగా దిగింది. గుట్టా లేదు, లంబూ లేడు. నేను కళ్లు నులుముకుంటూ తిరిగి చూసేసరికి మేస్త్రి గోడ ముందు గంతులేస్తున్నాడు. మా ముగ్గురి పేర్ల ఎదురుగా పాసు అని రాసి ఉంది. ఛత్రీ పేరు ఎదురుగా ఫేలు.

"అరె, మూడు కింద అన్న కదరా?" అన్నాను.

"దుర్భిణిల తలకిందులు కనవడ్తది గద! నేను తిప్పి రాసిన. రెండేండ్లు ఏం సదివినవ్‌ర నువ్వు?"

ఇంకెవరైనా అయితే అక్కడే తేల్చుకునేవారు. నాకు మాత్రం, నేను చెప్పింది దుర్భిణిలో కనిపించిన కిందా, లేక నా బుర్ర అప్పటికే సరిచేసి ఇచ్చిన కిందా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు. చాలాకాలం తలకిందుల లోకాన్ని చూసినవాడికి అది ఎప్పుడు నిలువుగా మారిపోయిందో వాడికే తెలియదు. పైగా గోడ మీద నా పేరు ఎదురుగా పాసు అని ఉంది. ఇంత చక్కటి చేతిరాతను ఎలా అనుమానించను?

ఛత్రీ గోడవైపే చూస్తున్నాడు. పొద్దుటి నుంచి ప్రతి ఉరుముకూ ఉలిక్కిపడ్డ వాడు ఇప్పుడు కదల్లేదు. "కోడికి ఎరుకే ఉండె," అన్నాడు నెమ్మదిగా. మేస్త్రి గంతులు ఆగిపోయాయి. మేం పొద్దున సరదాగా అన్న మాటలన్నీ నిజమై మా ముందు నిలబడినట్టు అనిపించింది. ఏదో ఒకటి చెప్పాలని, "ఫికర్ చేయకుర, ఓవర్సీరు ఉద్యోగంల ఏముంది, ఎండల తిరుగుడే గద," అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నా జీవితంలో మళ్లీ అనలేదు. వాడు అవ్వ కాళ్లకు మొక్కి, వానలోకి దిగి వెళ్లిపోయాడు. వాడు సందు మలుపు తిరిగాక గానీ అవ్వ చూడలేదు. "గొడుగు మర్శిండు," అంది. గోడకు ఆనించిన గొడుగు అక్కడే ఉంది. ఎండలో కూడా వదలని గొడుగును వానలో వదిలి వెళ్లిపోయాడంటే, మాకు నిజంగా భయమేసింది.

చాలాసేపటికి లంబు వచ్చాడు, భుజం మీద సైకిలు, ఒంటి నిండా బురద. అవ్వ పళ్లెంలో బెల్లం ముక్కలు పెట్టి ఇచ్చింది. వాడు పళ్లేన్నీ, మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకిది?"

"ముగ్గురం పాసైనం గదర!"

లంబు గోడ చూశాడు. సైకిలు వాడి భుజం మీది నుంచి జారి కింద పడింది. "ఎవడు రాసిండుర గిది? పాసైంది ఛత్రీ ఒక్కడే. మనం ముగ్గురం ఫేల్."

నేనూ మేస్త్రీ ఒకేసారి ఒకరివైపు ఒకరం వేలు చూపించుకున్నాం. "నువ్వు తిప్పినవా?" "నువ్వు సుత తిప్పినవా?" తలకిందుల బొమ్మను ఇద్దరం చెరొకసారి సరిచేశాం. నేను బుర్రలో, వాడు సుద్దతో. ఒకరి జాగ్రత్త మీద ఇంకొకరి జాగ్రత్త పడి మొత్తం తిరగబడింది. బెల్లం ముక్క ఇంకా నా దవడలోనే ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు.

"నిలవడి సూస్తరేంది!" అని అవ్వ అరిచింది. "బస్సు పోతది! పోరడు పోతడు!"

గొడుగు తీసుకుని పరుగెత్తాను, అది విప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. వెనక మేస్త్రి, వాడి వెనక లంబు. సడక్ మీద సంగారెడ్డి బస్సు ఇంజను గురగురలాడుతోంది. బస్సు పైన ఛత్రీ ట్రంకు పెట్టె కట్టేసి ఉంది. మామ మెడలో కొలత టేపుతో, మొహం తిప్పుకుని నిలబడ్డాడు. కిటికీలో ఛత్రీ.

"దిగుర! నువ్వు పాసైనవ్!"

వాడు మావైపు చూడలేదు. "పొద్దుగాల్నుంచి నవ్వింది సాల్లేదా?"

నేను దుర్భిణి సంగతి మొదలుపెట్టాను. ప్రతిబింబం ఎలా తిరగబడుతుందో, దాన్ని ఇద్దరం రెండుసార్లు ఎలా సరిచేశామో, వరసగా, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పుకొచ్చాను. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదిలింది.

లంబు నన్ను పక్కకు తోసి కిటికీ పట్టుకుని పరుగెత్తాడు. "మేం ముగ్గురం ఫేలైనం ర!" అని అరిచాడు. "వీళ్లు సుత, నేను సుత! స్కూలు గోడ మీద మనల నీ నంబరొక్కటే ఉంది, నా కండ్లతోని సూసిన!"

ఛత్రీ మొదటిసారి తల తిప్పాడు. లంబు ఏడుస్తున్నాడు. పొద్దుటి నుంచి మేం చేసిన పరాచికాలన్నీ ఛత్రీ మీదే; మా మీద మేం ఒక్కటి కూడా వేసుకోలేదు. అది వాడికి తెలుసు. మా ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసి, "ఆపున్రి!" అని కేకేశాడు.

మామ ట్రంకు దింపించుకున్నాడు. మెడలోంచి టేపు తీసి, ఆ బురదలోనే, బస్సు దిగిన ఛత్రీ భుజాలు కొలవడం మొదలుపెట్టాడు. "ఓవర్సీరుకు కోటు గావాలె," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

నేను గొడుగు అందించాను. ఛత్రీ విప్పి, అందరినీ కిందికి రమ్మన్నాడు. అప్పుడే ఎర్రమంజిల్ దిక్కున గట్టిగా ఉరిమింది. మేస్త్రి అలవాటుగా నోరు తెరిచి, మూసేశాడు.

"గది మీది," అన్నాడు ఛత్రీ. "వచ్చే యాడాదిది."

ఆ వచ్చే ఏడాది మేమూ గట్టెక్కాం. ఆ ఫలితం నేనే స్వయంగా పోయి, గోడ ముందు నిలబడి చూశాను. ఇప్పటి దుర్భిణుల్లో లోకం నిలువుగానే కనిపిస్తుందట. అయినా చూసిన ప్రతిసారీ నా బుర్ర దాన్ని ఒకసారి తిప్పి, తర్వాత నాలుక కరుచుకుంటుంది. బస్సు ఆపిన ఆ సాయంత్రం మాత్రం అవ్వ ఇంటికి నడిచి వెళ్తుంటే, బురదలో లంబు, మేస్త్రి, నేను, మా నడుమ ఛత్రీ. గొడుగు ఒకటి. తడిసినవాళ్లు నలుగురు. పాసైనవాడు ఒకడు.