అవిసె నూనె దాణా

ఆ ఏళ్లలో కెనడాలోని సస్కటూన్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగు వినబడేది. అందరూ నాలాంటి స్టూడెంట్లే. వాళ్లు కాఫీ షాపులకో గోడౌన్లకో షిఫ్టులకు పోయేవారు. నేను యూనివర్సిటీ గొర్రెల షెడ్డుకు పోయేదాన్ని. నా మాస్టర్స్ థీసిస్ అక్కడ మేత మేస్తూ ఉండేది.

పని చెప్పడానికి సులువే. మాంసం కోసం పెంచే గొర్రెపిల్లల్లో ఒక గుంపుకు మామూలు దాణా, ఇంకో గుంపుకు అవిసె నూనె కలిపిన దాణా పెట్టాలి. అవి ఎలా పెరుగుతున్నాయో, చివరికి మాంసంలో కొవ్వు ఎలా మారిందో చూడాలి. కానీ నూనె దాణా పెట్టిన గుంపు సరిగ్గా తినేది కాదు. మూతితో తొట్టిని కెలికి, పొడిగా ఉన్న బార్లీ గింజలు ఏరుకుని, జిడ్డు ఉండలను వదిలేసేది. పెళ్లిభోజనానికి వంకలు పెట్టే బంధువులను చూసినట్టు నాకు ఒళ్లు మండేది.

ప్రొఫెసర్ మొహమాటం లేని మనిషి. "వచ్చే వారానికి కూడా తినకపోతే ఈ గుంపును ఆపేద్దాం" అన్నాడు. ఆపేస్తే థీసిస్ మళ్లీ మొదటికొస్తుంది. స్టడీ పర్మిట్ గడువు మాత్రం మొదటికి రాదు. నాకు భయం వేసింది.

నాతో బేస్‌మెంట్‌లో ఉండే వరంగల్ అమ్మాయికి ఇదంతా తమాషా. "ఏందే, మీ గొర్రెపిల్లలు డైటింగ్ చేస్తున్నయా?" అనేది. ఆ ఆదివారం నేను పెట్టిన ఆవకాయ అన్నంలో కలుపుకుని మొహం చిట్లించింది. ఇండియన్ స్టోర్‌లో దొరికిన మామిడికాయలు కోసి, కారం, నూనె అన్నీ హడావిడిగా ఒకేసారి గిన్నెలో పోసి కలిపేశాను.

"ముక్క ఏడనో ఉంది, కారం ఏడనో ఉంది. ముందుగాల ముక్కకు నూనె పట్టియ్యలేదా?"

పట్టించలేదు. షెడ్డులోనూ అదే జరుగుతోందని అప్పుడు తట్టింది. బార్లీ గింజలూ, దాణాలో వేసే ఖనిజాల పొడులూ కలిపేసి పైన నూనె పోస్తున్నాం. నూనె పొడితో ఉండకడుతోంది, గింజ పొడిగానే మిగులుతోంది.

మర్నాడు పొద్దున వట్టి బార్లీకి ముందు నూనె పట్టించాను, రెండు చేతులతో. తర్వాత పొడులు కొద్దికొద్దిగా చల్లుతూ కలిపాను. షెడ్డు చూసుకునే పెద్దాయన ఏం చేస్తున్నావని అడిగితే పచ్చడి పెడుతున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు.

ఇక ఏరుకోవడానికి ఏమీ లేక గొర్రెపిల్లలు మొత్తం తిన్నాయి. కొన్నాళ్లకు రుచి మరిగి, నా చేతిలో బకెట్ కనబడితే చాలు తోసుకుంటూ వచ్చేవి. ప్రొఫెసర్ ఖాళీ తొట్టి చూసి సరేనన్నాడు. డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

అవి కోతకు సరిపడా బరువు పెరిగాక కబేళా ట్రక్కు వచ్చింది. మామూలు దాణా తిన్న గుంపు అదిలించగానే ఎక్కింది. నా గుంపు ర్యాంప్ దగ్గర మొండికేసింది. పెద్దాయన ఎంత తోలినా కదల్లేదు. నావైపు తిరిగి, "కాస్త దాణా తెచ్చి నువ్వు ముందు నడువు" అన్నాడు.

షెడ్డులోకి వెళ్లి గుప్పెడు కలిపాను. ఆ పూట ఎలా కలిపినా ఒకటే. అయినా ముందు గింజకు నూనె పట్టించి, తర్వాతే పొడి చల్లాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బకెట్ పట్టుకుని ర్యాంప్ ఎక్కాను. ఒక్కటి కూడా వెనకాడలేదు.